గోడ అవతలి కేక

1998 నవంబరు 18, బుధవారం

పొద్దున తలుపు తీస్తే నది లేదు.

నిజంగానే లేదు. గుమ్మం ముందు రాళ్ళు, ఆ తర్వాత బోర్లించిన పుట్టి, ఆ తర్వాత తెలుపు. అంతే. కృష్ణ, అవతలి లంకలు, బ్యారేజీ దీపాలు — అన్నిటినీ ఎవరో పాలగిన్నెలో వేసి మూత పెట్టినట్టు. చెయ్యి చాపితే వేళ్ళ చివరలు కూడా కాస్త కరిగాయి.

ఈ డైరీ తెలుగు మేడం ఇచ్చారు, వ్యాసరచన పోటీలో బహుమతిగా. "రోజుకో మాట పట్టుకో నాగమణీ" అన్నారు. ఈ రోజు మాట — నీహారం. అంటే ఇదే, ఈ తెలుపే.

అన్నయ్య ఆ తెలుపులో ఎక్కడో ఉన్నాడు. తెల్లారకముందే పడవ తీశాడు. అమ్మ రేవులో నిలబడి, కొంగు నడుంలో దోపుకుని, అరచెయ్యి నోటి పక్కన పెట్టుకుని — "కొండో...ఓ..." ఏడుకొండలు అని పూర్తి పేరు పిలవదు. నీళ్ళ మీద పొడుగు పేర్లు సాగవు.

కాసేపటికి బదులు. మాట కాదది. మా పేటలో మగవాళ్ళకి ఎవరి బదులు వాళ్ళకుంటుంది. పోయిన నాన్నది పొట్టిగా, దగ్గినట్టు ఉండేది. బాబాయిది గడకర్రతో నీళ్ళని కొట్టినట్టు. అన్నయ్యది సాగి సాగి చివర్లో పైకి లేస్తుంది — ఏదో అడగబోయి ఆగినట్టు. రాద్దామని చూశాను. "ఊ...ఓ...య్". కాదు. ఇంకోలా రాశాను. అదీ కాదు. అక్షరాల్లో పడటం లేదు.

బదులు వినగానే అమ్మ వెనక్కి తిరిగింది. ఇక నది వైపు చూడదు. బదులొచ్చాక కూడా గట్టు మీద నిలబడితే ఏటిని అనుమానించినట్టట. బదులొచ్చిందంటే మనిషి భద్రం, ఆడవాళ్ళు ఇంటికి పోయి ఎసరు పెట్టాలి. రాకపోతే మాత్రం గట్టు వదలకూడదు. వానొచ్చినా, పొద్దు గూకినా. నాయనమ్మ చెప్పిన పద్ధతి. ఆమెకి ఎవరు చెప్పారో...

నవంబరు 19, గురువారం

"ఏవే పంతులమ్మా, ఇయ్యాల ఏం పట్టావు?"

"నీహారం."

"ఎన్ని కేజీలుంటది?"

"మంచు, అన్నయ్యా!"

"మంచెవడు కొంటాడే. నేను జల్లలు పట్టా. పులుసు తింటావా, నీహారం తింటావా?"

పులుసు తిన్నాను.

నవంబరు 20, శుక్రవారం

కాలేజీ నుంచి వచ్చేసరికి అన్నయ్య లేడు. అరుగు మీద వల పరిచి ఉంది, సగం బాగుచేసి. వల సూది కన్నుల మధ్య అలాగే గుచ్చి ఉంది, దారం వేలాడుతూ.

బాబాయి చెప్పాడు. మధ్యాహ్నం స్కూటర్ మీద ఇద్దరు పోలీసులు వచ్చారట, యూనిఫారం లేకుండా మఫ్టీలో. ఒడ్డున ఎవరి తోటలోనో నీళ్ళ మోటారు పోయిందట. "నాలుగు మాటలడిగి పంపించేస్తాం" అన్నారట. తడి లుంగీతోనే వాళ్ళ మధ్యలో కూర్చుని వెళ్ళాడు. వెళ్తూ అమ్మతో — "సూది కదపమాకే అమ్మా. వచ్చి అందుకుంటా."

అమ్మ ఆ వల దగ్గరికి కోడిని కూడా రానివ్వడం లేదు.

మఫ్టీ — ఏ భాష మాటో మేడంని అడగాలి.

నవంబరు 21, శనివారం

స్టేషన్. దాని పేరు ఈ పేజీ మీద రాయను.

అమ్మ, బాబాయి, నేను. పొద్దుట్నుంచీ బల్ల మీద. అమ్మ ఒళ్ళో క్యారియర్, లోపల అన్నం చల్లారిపోతూ. "ఏ ఏడుకొండలు? ఇక్కడెవరూ లేరమ్మా." ఇంకొకాయన — "ఏడుకొండలు కావాలంటే తిరపతి పోవాలి గానీ ఇక్కడికొచ్చారేంటి?" అందరూ నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు, చేతులు కట్టుకుని.

బల్ల మీద నుంచి గేటు దగ్గరికి. గేటు దగ్గర్నుంచి రోడ్డు మీదికి.

మునిమాపు వేళ. ఈ మాట నాకు ఎంత ఇష్టమో. పలుకుతుంటేనే వెలుగు మెల్లగా నీళ్ళలోకి దిగుతున్నట్టుంటుంది. స్టేషన్ పక్క సందులో పొడుగాటి గోడ, పైన గాజు పెంకులు. పెంకుల్లో ఆకాశం ముక్కలు ముక్కలుగా ఎర్రగా. గోడకి ఎదురుగా ఒక టీ బండి.

అమ్మ ఆగింది. గోడని చూసింది. ఏమనుకుందో — చెప్పులు విడిచింది. కొంగు నడుంలో దోపింది. అరచెయ్యి నోటి పక్కన...

నాకు సిగ్గేసింది. నడి సందులో. కాలేజీ వాళ్ళెవరైనా చూస్తే.

"కొండో...ఓ..."

టీ బండాయన నవ్వాడు. "ఇదేవన్నా ఏరనుకున్నావా పిన్నీ?"

ఒక ఆటో వెళ్ళింది. ఒక సైకిల్ బెల్లు. ఆ తర్వాత, గోడ అవతల నుంచి, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు — అన్నయ్య బదులు. సాగి సాగి చివర్లో పైకి లేచింది. కాస్త బొంగురుగా ఉంది. కానీ వాడిదే. వాడిదే.

టీ బండాయన చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బాబాయి నా భుజం పట్టుకున్నాడు. అమ్మ ముఖం — రేవులో ఎండ పడ్డట్టు! వెంటనే వెనక్కి తిరిగింది.

"పదండి, ఎసరెట్టాలి."

"అమ్మా, ఇంకోసారి పిలువ్..."

"బదులొచ్చింది కదే. నిలబడకూడదు."

ఇంటికొచ్చి కొర్రమీను పులుసు పెట్టింది. వాడికిష్టమని చింతపండు ఎక్కువేసింది. ఇల్లంతా ఆ వాసన. ఇది రాస్తుంటే నాకు ఊరికే నవ్వొస్తోంది. పలికాడు. రేపు వచ్చేస్తాడు.

నవంబరు 22, ఆదివారం

గిన్నె మీద మూత. రేవులో ఎండ. ఎవరమూ స్టేషన్‌కి వెళ్ళలేదు, బదులొచ్చాక ఎవరూ వెళ్ళరు. లంక మీద గూడబాతులు వాలాయి, ఉతికి ఆరేసిన బట్టల్లా. కొత్తవి. అన్నయ్య వచ్చాక చూపించాలి.

నవంబరు 23, సోమవారం

అన్నయ్య పోయాడు.

నవంబరు 29, ఆదివారం

పోలీసులు చెప్పేది రాసి పెట్టుకుంటున్నాను, మర్చిపోకుండా.

సోమవారం తెల్లారాక బస్టాండు దగ్గర పట్టుకున్నారట. స్టేషన్‌కి తెచ్చి కూర్చోబెట్టగానే గుండెలో నొప్పి అన్నాడట. మంచినీళ్ళు అడిగాడట. ఇచ్చారట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే...

రోజూ ఎదురు నీళ్ళలో పడవ నడిపేవాడికి గుండెనొప్పి.

వాళ్ళ లెక్కలో శుక్రవారం లేదు. శనివారం లేదు, ఆదివారం లేదు. అప్పుడు వాడు ఎక్కడా లేడు. ఆ పొద్దుటి నదిలాగా.

పసుపు నీళ్ళు పోసేటప్పుడు అమ్మ వాడి పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. అరికాళ్ళు నిమురుతూ కూర్చుంది. లెమ్మంటే లేవదు. ఆ అరికాళ్ళ మీద ఏముందో నేనూ చూశాను. ఇక్కడ రాయను. అడగాల్సిన వాళ్ళు అడిగితే చెప్తాను.

డిసెంబరు 3, గురువారం

కల. స్టేషన్ గోడ నీళ్ళతో కట్టి ఉంది. నిలువుగా నిలబడిన నీళ్ళు. అవతల అన్నయ్య నడుస్తున్నాడు, తడి లుంగీతో. చేపలు మా ఇద్దరి మధ్యలోంచి వెళ్తున్నాయి. నేను చెయ్యి పెడితే తడిగా ఉంది, అవతలికి వెళ్ళడం లేదు.

కాలేజీకి వెళ్ళాను. తెలుగు మేడం క్లాసు. పాఠం అయ్యాక ఒక చీటీ మీద చిరునామా రాసిచ్చారు. "నా స్నేహితురాలు. లాయరు. అమ్మని తీసుకెళ్ళు."

డిసెంబరు 8, మంగళవారం

బెంజ్ సర్కిల్. చెప్పుల కొట్టు పైన లాయరు గారి గది. కింద లారీలు వెళ్తుంటే బల్ల మీద గాజు గ్లాసు గలగలమంటోంది.

"పోలీసుల దగ్గరుండగా మనిషి పోతే మెజిస్ట్రేట్ విచారణ జరగాలమ్మా. ఆర్డీవో గారు చేస్తారు. అది వాళ్ళు మన మీద చూపించే దయ కాదు, చట్టం."

అమ్మ తలూపింది. అర్థమైందో లేదో.

"వాళ్ళు సోమవారం పట్టుకున్నామంటున్నారు. అంతకుముందు నుంచే లోపల ఉన్నాడని తేలాలి. అది తేలితే కోర్టుకి చూపించకుండా ఎందుకు దాచారో, లోపల ఏం చేశారో చెప్పక తప్పదు. ఇంటికొచ్చిన ఇద్దరూ ఎవరో మాకు తెలీదంటున్నారు. మరి శనివారం మీరు వెళ్ళినప్పుడు లోపల ఎవరైనా చూశారా అబ్బాయిని?"

"చూళ్ళేదండీ. విన్నాం."

పెన్ను ఆగింది. "విన్నారా?"

చెప్పాను. రేవు, కేక, బదులు... అన్నీ. చెప్తుంటే నా గొంతు నాకే ఏదో కథ చదువుతున్నట్టు వినిపించింది. అమ్మ నేల చూస్తూ ఉంది.

"మీరు కూడా విన్నారాండీ?" — బాబాయిని.

"నాకు సరిగా ఇనపళ్ళేదండీ. ఆటోలూ అయ్యీ..."

మెట్లు దిగుతూ బాబాయి నా వైపు చూడలేదు. శనివారం నా భుజం పట్టుకున్న చెయ్యి అదే.

మాట — వాంగ్మూలం. నోటితో చెప్పిన మాటే సాక్ష్యంగా నిలబడటం. బస్సు కిటికీ మీద ఆవిరిలో రాశాను. భవానీపురం వచ్చేసరికి కారిపోయింది.

డిసెంబరు 12, శనివారం

నా వాంగ్మూలం నాలుగు పేజీలు రాసి తీసుకెళ్ళాను. రాత్రంతా ఎర్ర గాజు పెంకుల గురించి ఆలోచించి రాసిన వాక్యం ఒకటి ఉంది అందులో. లాయరు గారు నెమ్మదిగా చదివారు. నవ్వలేదు.

"చాలా బావుందమ్మా. ఇందులో ఆకాశం ఉంది, మునిమాపు ఉంది. మీ అన్నయ్య ఎక్కడున్నాడో మాత్రం మూడో పేజీ దాకా రాలేదు."

"మరి ఎలా రాయాలండీ?"

"శనివారం సాయంత్రం గోడ బయట నుంచి మా అమ్మ పిలిచింది. స్టేషన్ లోపలి నుంచి మా అన్నయ్య పలికాడు. అంతే."

ఏడుపొచ్చింది. పెంకుల వాక్యం కోసం ఏడ్చానా, అన్నయ్య కోసమా... దారంతా ఆ రెండు వాక్యాలు మనసులో చదువుకుంటూ వచ్చాను. తడి వల మోసినట్టు బరువు.

డిసెంబరు 17, గురువారం

ఆ సందులోకి వెళ్ళాను, టీ బండాయన్ని అడుగుదామని. బండి లేదు. స్టవ్ పెట్టిన చోట నేల మీద గుండ్రటి నల్ల మరక.

డిసెంబరు 20, ఆదివారం

బాబాయి వచ్చాడు. అరుగు అంచున కూర్చున్నాడు, వలకి దూరంగా. సూది ఇంకా కన్నుల మధ్యే ఉంది.

"టేసను నుంచి కబురెట్టారు వదినా. చిన్నప్పట్నుంచీ ఆడికి గుండెలో నొప్పుండేదని చెప్తే అయిపోద్దంట."

"ఎవరికి అయిపోద్ది?"

"ఆళ్ళతో మనకెందుకంటా నేను. రేపు ఏట్లో వలెయ్యనిత్తారా? పిల్లలున్నోణ్ణి."

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు. "ఆడు పలికింది నువ్విన్నావా లేదా?"

బాబాయి నది వైపు తిరిగాడు.

"ఆ మాటెత్తమాకు వదినా. కొత్తనీరన్నా రాలేదు."

అది నిజమే. పోయినవాడి కేక కొత్తనీరు వచ్చేదాకా ఎత్తకూడదు. ఏట్లో నీళ్ళు మారకముందే పిలిస్తే పోయేవాడు ఆ పిలుపు విని వెనక్కి తిరుగుతాడట. అటూ పోలేక ఇటూ రాలేక మధ్యలో ఉండిపోతాడట. నాన్న పోయినప్పుడు నేనూ నోట్లో కొంగు కుక్కుకునే తిరిగాను.

కొత్తనీరంటే వానలు పడ్డాక వచ్చే ఎర్రనీరు. విచారణ జనవరిలో.

డిసెంబరు 27, ఆదివారం

పొయ్యి దగ్గర అమ్మ. నేను పక్కన పుస్తకం తెరుచుకుని. మంట వెలుగులో అక్షరాలు ఈదుతున్నాయి. ఉన్నట్టుండి, నాతో కాదు, పొయ్యితో అన్నట్టు —

"బదులొచ్చిందని వచ్చేశానే. ఆడు ఉన్నానని పలికాడో, అమ్మా వద్దు ఎల్లమాకని పలికాడో. ఎనక్కన్నా చూళ్ళేదు. పులుసెట్టుకున్నా."

ఇన్ని మాటలు పోగేశాను, ఒక్కటీ రాలేదు. ఏట్లో బదులంటే ఒకటే — ఉన్నా, వస్తున్నా. గోడ వెనక నుంచి వచ్చిన బదులుకి ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు.

ఆ రోజు వాడి బదులు చివర్లో పైకి లేచింది కదా. ఎప్పుడూ లేచేదే. అయినా ఇప్పుడు మళ్ళీ మళ్ళీ వింటుంటే...

1999 జనవరి 1, శుక్రవారం

రోడ్డు మీద రంగులతో ముగ్గులు. ఎవరో నా చేతిలో కేకు ముక్క పెట్టారు. రేవులో చేపలకి వేశాను.

జనవరి 5, మంగళవారం

విచారణ. పెద్ద హాలు, ఎత్తైన కిటికీలు, ఫ్యాను తిరగడం లేదు. ఆర్డీవో గారు మఫ్లర్ చుట్టుకుని ఉన్నారు, జలుబు. ఆయన్ని చూస్తే భయం వెయ్యలేదు. అదే ఆశ్చర్యం.

నా వంతు. ఆ రెండు వాక్యాలూ కంఠతా వచ్చు. నోరు తెరిస్తే — "శనివారం మునిమాపు వేళ..." అని వచ్చేసింది.

రాసుకునే గుమాస్తా తలెత్తాడు. "మునిమాపేంటమ్మా? టైం చెప్పు."

"దీపాలు పెట్టే వేళండీ."

"సాయంత్రం అని రాయండి" అన్నారు ఆర్డీవో గారు, ముక్కు తుడుచుకుంటూ. "ఆ తర్వాతేమైందమ్మా?"

చెప్పాను. రెండో వాక్యం గట్టిగానే చెప్పాను. అరికాళ్ళ గురించి కూడా అడిగారు. చెప్పాను.

స్టేషన్ తరఫున వచ్చినాయన లేచాడు. "సార్, గోడకీ లాకప్‌కీ మధ్య ఖాళీ స్థలం ఉంది, ఇంకో గది ఉంది. ఆ ట్రాఫిక్కులో గొంతు చేరే అవకాశమే లేదు. తల్లి కదా సార్, అలా అనిపించి ఉంటుంది."

అనిపించి ఉంటుంది. ఎంత మెత్తటి మాట...

ఆర్డీవో గారు అమ్మ వైపు తిరిగారు. "ఎలా పిలిచారమ్మా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. పెదాలు బిగించింది. లాయరు గారు లేచి కొత్తనీరు సంగతి చెప్పబోయారు, సగంలో ఆగారు. ఆ హాల్లో అది చెప్తుంటే వింతగా ఉంది.

ఆయన మఫ్లర్ సర్దుకున్నారు. తర్వాత — "గురువారం పొద్దున నేనే వస్తాను. లాకప్‌లో నిలబడతాను. వీళ్ళు బయట గోడ దగ్గర పిలవాలి. ఇటు గొంతు అటు చేరితే అటు గొంతు ఇటు చేరినట్టే. వినపడితే వినపడిందని రాస్తాను. లేకపోతే లేదని రాస్తాను. ఎనిమిదింటికి."

బయటికొచ్చాక లాయరు గారు అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "మనకున్నది ఇదొక్కటే పెద్దమ్మా."



జనవరి 6, బుధవారం

పొద్దున మళ్ళీ నది లేదు. మంచు. ఈసారి ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

సాయంత్రం కాలేజీ నుంచి వస్తే అమ్మ అరుగు మీద వల ముందు కూర్చుని ఉంది. సూది చేతిలో ఉంది.

"అమ్మా, సూది..."

"ఆడు అందుకోడు లేవే." ముడి వేసింది. ఇంకో ముడి. అన్నయ్య ఆపిన చోటు నుంచి మొదలుపెట్టింది. ఎక్కడ వాడి ముడి అయిపోయిందో ఎక్కడ అమ్మది మొదలైందో చూశాను. తెలియలేదు.

"రేపు నేను పిలుస్తా అమ్మా. నువ్వు ఊరికే నిలబడు చాలు."

నవ్వింది! ఇన్ని రోజుల తర్వాత. "నీ గొంతా? పుస్తకంలో దాచిన నెమలీకలాగుంటది. గోడ కాదు, గుమ్మమే దాటదు."

కోపమొచ్చింది. రేవులోకి వెళ్ళాను. పేరు పిలవకుండా, ఊరికే "ఓ..." అని. ఒక కొంగ కూడా కదల్లేదు. మళ్ళీ. మళ్ళీ. గొంతు మంట. వెనక నుంచి —

"పీకలోంచి కాదే. పొట్టలోంచి రావాల."

బాబాయి. గడకర్ర పట్టుకుని ఎప్పట్నుంచి నిలబడ్డాడో. "గాలి పీల్చు. ఇంకా. ఇప్పుడు ఒదులు. అరిచినట్టు కాదు, ఇసిరినట్టు."

విసిరాను. అవతలి లంక మీద గూడబాతులు లేచాయి. ఒకటి, తర్వాత అన్నీ. తెల్లగా.

"రేపు నేను గన్నవరం ఎల్లాల, చేపలేసుకుని" అన్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే — "ఎన్నింటికంట?"

"ఎనిమిదింటికి."

వెళ్ళిపోయాడు.

దీపం పెట్టాక అమ్మని అడిగాను. అడగకూడదనే అనుకున్నా, అడిగేశాను. "కొత్తనీరు రాకుండా పిలిస్తే అన్నయ్య మధ్యలో ఉండిపోతాడా?"

ముడి బిగించింది. పళ్ళతో దారం తెంపింది.

"ఇప్పుడెక్కడున్నాడంటావు?"

వస్తానని చెప్పలేదు. రానని కూడా చెప్పలేదు. వల మడిచి తల కింద పెట్టుకుని పడుకుంది.

రేపు పొద్దున. మంచు విడిచినా విడవకపోయినా బయల్దేరాలి. గొంతు కోసం రెండు మిరియాలు నోట్లో వేసుకోవాలి. పొయ్యి వెలిగించను, బియ్యం కడగను. సందులోకి వెళ్ళి చెప్పులు విడవాలి. అమ్మ పిలిస్తే అమ్మ. లేకపోతే నేను, పొట్టలోంచి, విసిరినట్టు.

అటు నుంచి బదులు రాదని తెలుసు. రాకపోతే గట్టు వదలకూడదు. వాళ్ళు వెళ్ళిపొమ్మన్నా సరే, ఆ గోడ దగ్గరే నిలబడతాను.